రాజు గదికి దారి: కత్తియుద్ధాల నవలలు, కొలువు రాజకీయం
(బత్తలపల్లిలో చేసిన స్మారకోపన్యాసం)



ఎవరి జ్ఞాపకార్థం మనం ఇక్కడ కూడామో ఆ మాస్టారు చరిత్ర పాఠం మొదలుపెట్టే ముందు పిల్లల చేతికి ఓ నవల ఇచ్చేవారని విన్నాను. ఆ పద్ధతే సరైనదని నా గట్టి నమ్మకం. మారువేషాలు, సొరంగాలు, కత్తియుద్ధాలు ఉన్న నవల అంటే మనలో చాలామందికి చిన్నచూపు. కత్తి కాంతారావు సినిమాల పక్కన పెట్టి కాలక్షేపమని కొట్టిపారేస్తాం. కానీ కొలువు ఎలా నడిచేదో తెలియాలంటే అక్కణ్ణుంచే మొదలుపెట్టాలి.

పాఠ్యపుస్తకంలో రాజు పట్టం కట్టుకుంటాడు, యుద్ధం చేస్తాడు, పోతాడు. ఆయన గదిలోకి వేళకాని వేళ ఎవరు పోగలరు, రాణి మాట ఎవరి నోట బయటికొస్తుంది అన్నవి అందులో దొరకవు. ఫ్రెంచి రచయిత అలెగ్జాండర్ డ్యూమా 1844లో రాసిన 'త్రీ మస్కెటీర్స్'లో ఇంగ్లండు ప్రభువు బకింగ్‌హామ్‌ను పారిస్ రాజభవనంలోకి రహస్యంగా చేర్చేది ఏ సేనాపతీ కాదు, రాణి బట్టలు చూసుకునే కాన్‌స్టాన్స్. నౌకర్లు తిరిగే గుమ్మంలోంచి తీసుకుపోతుంది.

అది కల్పన. మన పెనుకొండ రాజవంశంలో నిజంగా జరిగింది వినండి. 1565లో రాక్షసి తంగడి యుద్ధంలో విజయనగరం ఓడిపోయాక తిరుమల రాయలు ఖజానాతో పెనుకొండ చేరాడు. ఆయన వంశమైన ఆరవీటివారికి ఇది రాజధాని అయింది. తర్వాత వేంకటపతి రాయల కాలంలో కొలువు చంద్రగిరికి, రాయవేలూరికి తరలింది. 1614 అక్టోబరులో కన్నుమూస్తూ ఆయన అన్నకొడుకు శ్రీరంగరాయలకు రాజ్యం అప్పగించాడు. రాణి మాత్రం ఒక పిల్లవాణ్ణి తన కొడుకని చెప్పి పెంచుతోంది. ఆ పిల్లవాడి పేరు చెప్పి రాణి పుట్టింటివాడు గొబ్బూరి జగ్గరాయలు కొత్త రాజును కుటుంబంతో సహా బంధించాడు. సామంతుల్లో వెలుగోటి యాచమ నాయకుడు మాత్రం అతనితో కలవలేదు.

కోటంతా కాపలా. రాజు బట్టలు ఉతికే చాకలి మాత్రం వస్తూ పోతూ ఉన్నాడు. యాచమ ఆ మనిషిని పట్టుకున్నాడు. రాజు రెండో కొడుకు రామదేవుడు మైలబట్టల మూటలో కోట దాటాడు. రాజును సొరంగం గుండా తప్పించబోతే గుట్టు బయటపడింది. చివరికి శ్రీరంగరాయల కుటుంబాన్ని తుడిచిపెట్టారు. 1616-17లో కావేరి దగ్గర తోపూరులో యాచమ, తంజావూరు రఘునాథ నాయకుడు కలిసి జగ్గరాయల్ని ఓడించారు. అతను అక్కడే హతమయ్యాడు. మూటలో వచ్చిన పిల్లవాడు రాజయ్యాడు.

రాజకుటుంబం ఎలా పోయిందో, ఈ పిల్లవాడు ఎలా బయటపడ్డాడో పోర్చుగీసు పాద్రి బర్రదాస్ 1616 డిసెంబరు 12న కొచ్చిన్ నుంచి రాసిన ఉత్తరంలో ఉంది. 1900లో రాబర్ట్ సీవెల్ దాన్ని తన విజయనగర చరిత్రలో చేర్చాడు. దొరల పేర్లు రాసిన పాద్రి ఆ చాకలి పేరు రాయలేదు. నాకిది చాలా బాధ కలిగిస్తుంది. పట్టుబడితే ముందు పోయేది అతని తలే. అతనికి ఇల్లు, భార్య, భయం ఇవ్వగలిగింది నవలాకారుడు ఒక్కడే.

అయితే సాహస నవల యాచమ పౌరుషం చూపించి ఊరుకుంటుంది. పౌరుషంతో సైన్యం నిలవదు. నాయంకర పద్ధతిలో నాయకుడి చేతిలో ఒక సీమ ఉండేది. ఆ రాబడితో సొంత సేనను పోషించి, రాజుకు కట్టాల్సింది కట్టేవాడు. రాజు బందీ అయ్యాక కూడా యాచమ పోరాడగలిగాడంటే అందుకే, జగ్గరాయలు అంతకు తెగించిందీ ఆ బలంతోనే. అడివి బాపిరాజు 'గోన గన్నారెడ్డి'లో గజదొంగగా పేరుపడ్డ వీరుడు రుద్రమదేవికి అండగా నిలుస్తుంటే మనకు ఒళ్ళు పులకరిస్తుంది. పులకరించనివ్వండి. ఆ వెంటనే అతని గుర్రాల మేతకు ఏ ఊళ్ళు పన్ను కట్టాయో కూడా పిల్లల చేత అడిగించండి.

ఈ సభలో కథలు రాసే యువతీ యువకులు ఉన్నారు. పెనుకొండ మీద నవల రాయండి. ముందు లేపాక్షి వెళ్ళి గుడి కప్పు మీది బొమ్మలు చూడండి. ఆ గుడి కట్టించిన విరుపణ్ణ పరివారం తలల మీది పొడుగాటి కుళ్ళాయిలు, ఆడవాళ్ళ చీరల అంచులు కళ్ళకు కడతాయి. తర్వాత పెనుకొండలో గగన్‌మహల్ మెట్లెక్కండి. ఇద్దరు పక్కపక్కన నడవగలరేమో కొలుచుకోండి, కిటికీలోంచి ఎంత దూరం కనిపిస్తుందో చూసుకోండి. కాపలావాణ్ణి ఎక్కడ నిలబెట్టాలో అప్పుడు తేల్చుకోవచ్చు.