చిల్లరలో చేరిన వెండి
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



రజతోత్సవ సభలో రజతమును గూర్చి నాలుగు మాటలు చెప్పుట ఉచితముగా నుండునని మన కార్యదర్శిగారు సెలవిచ్చినారు. వారు చెప్పుమన్నది రాజుల బొక్కసములలోని వెండిని గూర్చి కాదు. కిరాణా కొట్టులో, పాలకేంద్రములో, సంతలో మనము ఇచ్చి పుచ్చుకొను చిల్లరలో ఎప్పుడో యొకప్పుడు తలచూపు పాత వెండి నాణెమును గూర్చి. లెక్కలు వ్రాయువాడను గనుక చిల్లర లెక్కించుట నాకు నిత్యకృత్యము. ఫోనుతో పైకము చెల్లించు దినములు వచ్చి ఆ పని సగము తగ్గినది గాని, మిగిలిన సగములోనే ఈ వింతలు కనబడుచున్నవి.

మొదట పేరు. రూపాయి యను మాట మనకు సంస్కృత “రూప్య” శబ్దము నుండి వచ్చినది. రూపము ముద్రింపబడినది రూప్యమని పాణిని నాటికే వ్యవహారము కలదు. కౌటిల్యుని అర్థశాస్త్రములో వెండి నాణెమునకు కల్తీ ఎంత యుండవలెనో లెక్క కలదు. పదునారు మాషముల నాణెములో రాగి నాలుగు, ఇనుమో తగరమో సీసమో అంజనమో ఒకటి, తక్కిన పదునొకండును వెండి. ఆ నాణెములను పరీక్షించుటకు రూపదర్శకుడను అధికారి ప్రత్యేకముగా నుండెను. కావున చిల్లరను వెలుతురునకు పట్టి తిరగవేసి చూచువానిని చూచి ఎవ్వరును నవ్వవలదు. అది మన దేశమున మిక్కిలి పాత ఉద్యోగము.

ఆంధ్ర శాతవాహనులు కూడ వెండి నాణెములు ముద్రించిరి. 1906లో నాసిక్ ప్రాంతమందలి జోగల్ తంబిలో 13 వేలకు పైగా వెండి నాణెములు దొరకినవి. అవి నహపానునివి. అందులో 9 వేలకు మించినవానిపై గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్రను మరల కొట్టించినాడు. ఓడిన రాజు నాణెమును కరగింపక, దాని ముఖముమీదనే తన గుర్తు వేయించుటలో ఆ రాజునకు ఎంత తృప్తి కలిగెనో ఊహించుకొనుడు.

ఇక మన చేతికి రాదగిన నాణెములు. 1835లో కుంపినీవారు దేశమంతటికి ఒకే రూపాయిని ఏర్పరచిరి. దాని తూకము 180 గ్రైనులు, అనగా సరిగా ఒక తులము. నేటి లెక్కలో 11.66 గ్రాములు. అందు పండ్రెండింట పదునొకండు వంతులు, అనగా 165 గ్రైనులు, మేలి వెండి. ఈ తూకము స్థిరముగా నుండుటచేత రూపాయియే తూనికరాయి యైనది. వైద్యుడు చూర్ణమును రూపాయి ఎత్తు వేయుమనెడివాడు. మూడు తులములు పలము, నలువది పలములు వీశె గనుక, 120 రూపాయలు త్రాసులో పోసినచో వీశె తూగెడిది. డబ్బును తూకమును ఒకే వస్తువు సాక్ష్యము చెప్పిన కాలమది. ఇప్పటి రూపాయితో ఆవగింజలు తూచబోయినవాడు ఏ సంవత్సరపు రూపాయియని ముందుగా అడుగవలసి యుండును!

నిజాము రాజ్యమున హాలీ సిక్కా వేరుగా నుండెను. దానిపై రాజు తల లేదు. చార్మినారు బొమ్మ యుండును. మహబూబు అలీ పాషా కాలపు నాణెములో ద్వారము నడుమ “మీమ్” అక్షరము, ఉస్మాను అలీ ఖాను కాలపు నాణెములో “ఐన్” అక్షరము చూడవచ్చును. హాలీ రూపాయి 11.18 గ్రాములు, వెండి వేయింట 818 వంతులు. ఇంచుమించు ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దారు రూపాయలకు సమానము. అది 1959తో పూర్తిగా అంతరించినది.

రాజు తల యన్నంతనే 1911వ సంవత్సరపు రూపాయి జ్ఞప్తికి వచ్చును. అయిదవ జార్జి చక్రవర్తి కంఠమునందలి పతకహారములో చిన్న ఏనుగు బొమ్మ చెక్కబడినది. చెక్కినవాని ఉద్దేశము ఏనుగే. గాని పొట్టి తొండముతో అది జనులకు పందివలె కనబడెను. పంది బొమ్మ గల నాణెమును చేత బట్టుటకు మహమ్మదీయులు అభ్యంతరము చెప్పిరి. 94 లక్షల నాణెములు ముద్రితము కాగా బయటికి వచ్చినవి 7 లక్షలు మాత్రమే. తక్కినవి కరగింపబడినవి. 1912లో తొండమును సరిదిద్ది, స్పష్టమైన ఏనుగును వేసిరి. ఆవగింజంత బొమ్మకై అంత వెండి మరల కొలిమికెక్కినది. ప్రజలు చిల్లరను చూడరని తలచు అధికారులు ఈ కథ తెలిసికొనదగును.

సరే, అంత వెండి చెలామణిలో నుండగా అది యెటు పోయినది? రెండవ ప్రపంచయుద్ధము వచ్చినది. జనులు నోట్లను నమ్మక వెండి రూపాయలను దాచుకొనసాగిరి. 1940లో దొరతనమువారు రూపాయిలో వెండిని సగమునకు తగ్గించిరి. తూకము అదే 180 గ్రైనులు; మేలి వెండి 165 నుండి 90 గ్రైనులకు దిగినది. ఇప్పుడు మీ మొలలో రెండు రూపాయలున్నవనుకొనుడు. ఒకటి నిండు వెండి, ఒకటి సగపాలు. కొట్టువానికి రెండును రూపాయలే. మీరు దేనిని ఇత్తురు? మన యూరిలోని అమాయకురాలు సైతము సగపాలుదానిని ఇచ్చి, నిండుదానిని కుండలో వేయును. పదునారవ శతాబ్దపు ఆంగ్ల వర్తకుడు గ్రేషాము పేర దీనినొక సూత్రముగా చెప్పుదురు. చెడు నాణెము మంచి నాణెమును తరుమునని. నా మట్టుకు తరుమునను మాట నచ్చదు. మంచి నాణెమును ఎవ్వరును తరుమరు. ఇంటిలో కూర్చుండబెట్టి తలుపు వేయుదురు.

1941 మొదలు 1943 లోపల విక్టోరియా, ఎడ్వర్డు, జార్జి రాజుల నిండు వెండి రూపాయలు వరుసగా చెల్లుబాటు కోల్పోయినవి. సగపాలు వెండి నాణెములకును ఆయువు హెచ్చుగా లేదు. యుద్ధకాలమున అమెరికా నుండి 22 కోట్ల ఔన్సులకు పైగా వెండి మన దేశమునకు అప్పుగా వచ్చినది. దానిని వెండిగానే తీర్చవలెను. అందుచేత 1946, 1947 సంవత్సరములలో నికెలు నాణెములను ప్రవేశపెట్టి, సగపాలు వెండివానిని వెనుకకు తీసికొనుచు వచ్చిరి. ఆ విధముగా మన సంతలలో తిరిగిన పావలాలు, అర్ధరూపాయలు అనేకము కరగి సముద్రము దాటినవి. మిగిలినవి పూజామందసములలో, ఉట్టిమీది ముంతలలో, లంబాడీ స్త్రీల ఆభరణములలో నిలిచినవి.

చిల్లరలోనికి వచ్చునవి ఈ మిగిలినవే. అవి బ్యాంకు నుండి రావు, ఇంటినుండి వచ్చును. ఒక ఉదాహరణము చెప్పెదను. నాలుగేండ్ల క్రిందట కొట్టులో ఉప్పు, అగ్గిపెట్టెలు కొని పదిరూపాయల కాగితమిచ్చితిని. తిరిగివచ్చిన మూడు రూపాయలలో ఒకదాని మ్రోత వేరుగా నుండెను. చూడగా 1945వ సంవత్సరపు అర్ధరూపాయి. ఆరవ జార్జి తల. 25 మిల్లీమీటర్ల స్టీలు రూపాయలలో అది ఇమిడిపోయినది. కొట్టు అమ్మాయి నా ముఖము చూచి, “చెల్లనిదా బాబాయిగారూ? ఇలా ఇవ్వండి, వేరేది ఇస్తాను” అన్నది. అది వెండియని చెప్పితిని. ఉదయమునుండి చిల్లర ఇచ్చినవారిని తలచుకొని, బిస్కత్తుల పొట్లము కొనిపోయిన ఒక పసివాని పేరు చెప్పినది. వాని ఇంటికి పోయితిమి. వాని ముత్తవ్వకు ఎనుబది యైదేండ్లు, చూపు మందగించినది. నాణెము అరచేత పెట్టగానే అంచును బొటనవ్రేలితో తడిమి, “నా పెళ్ళినాడు మా అత్తగారు ఒడిలో వేసిన అర్ధరూపాయి నాయనా ఇది. దీపావళికి కడిగి మళ్ళీ డబ్బీలో పెట్టాను, ఎవరు తీశారు?” అన్నది. పసివాడు గుంజ చాటున నిలిచియున్నాడు. కొట్టు అమ్మాయి వానిని కొట్టనీయలేదు. రూపాయి నా వద్ద తీసికొనకయే వేరొకటి నాకిచ్చినది.

దొరకిన నాణెము దొరకినవానిదే కదాయని కొందరు నాతో వాదించిరి. చట్టము దృష్టిలో ఏమో గాని, ఇరువదివేల గడపలుగల పట్టణము వేరు, మన యూరు వేరు. ఇచ్చట చిల్లర ఏ ఇంటినుండి వచ్చినదో పూటలో తెలియును. కొట్టువానితో ఒక మాట చెప్పుటకు మనకు పోవునదేమి? అడిగినను ఆచూకీ తెలియకున్నచో అప్పుడు ఉంచుకొనుడు. నాకు అభ్యంతరము లేదు.

ఇక గుర్తించుట ఎట్లు? కంటికంటె అయస్కాంతము మేలు. స్టీలు నాణెము అయస్కాంతమునకు అంటుకొనును. నికెలు కూడ అంటుకొనును. 1947వ సంవత్సరపు రూపాయి ఆరవ జార్జి తలతో, వెనుక పెద్దపులితో తెల్లగా మెరయుచుండుటచే వెండియని భ్రమింతురు. అది నికెలు, అయస్కాంతమును వదలదు. 1945 వరకు గలవి అంటుకొనవు. అయితే అంటుకొననిదంతయు వెండి కాదు. రాగి నికెలు మిశ్రమమును అంటుకొనదు. అందుచే తూకము చూడవలెను. అర్ధరూపాయి 5.83 గ్రాములు, పావలా 2.92 గ్రాములు. అరిగినందున కొంత తగ్గవచ్చును, పెరుగుట మాత్రము లేదు. ఆకురాయితో గీయవలదు, చింతపండుతో తోమవలదు. గీచిన నాణెము వెండి ధరకే పోవును.

1862వ సంవత్సరపు విక్టోరియా రూపాయిని చూపి, దీని వయస్సునుబట్టి లక్షలు వచ్చునని చెప్పుకొనుట విన్నాను. ఆ 1862 అను అంకెనే మార్పక 1874 వరకు ముద్రించిరి. కావున అవి విస్తారము. వయస్సు వేరు, అరుదు వేరు. 1939వ సంవత్సరపు బొంబాయి రూపాయి వానికంటె చిన్నది, గాని నిండు వెండివానిలో కడపటిది గనుక అరుదు. అరుదైనందున దానికి నకిలీలును హెచ్చు.

నన్ను మిక్కిలి బాధించునది మోసము. మన మండలములోనే ఒక యువకునికి ఫోను వచ్చినది. నీ వద్ద వైష్ణవీదేవి బొమ్మ గల అయిదు రూపాయల బిళ్ళ యున్నచో లక్షలిత్తుము, ముందుగా నమోదు రుసుము కట్టుమనిరి. కట్టినాడు. తరువాత పన్ను అనిరి, అదియు కట్టినాడు. ఆ పైకము తల్లి చెవికమ్మలు కుదువబెట్టి తెచ్చినది. ఆ బిళ్ళ 2013లో వచ్చినది. వెండి కాదు, అరుదును కాదు. పాత నాణెముల క్రయవిక్రయములకు తన పేర రుసుము అడుగువారిని నమ్మవలదని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రకటించియున్నది. కొనదలచినవాడు మీకు డబ్బు ఇచ్చును. మిమ్ము డబ్బు అడుగడు. ఈ ఒక్క మాటను మన గ్రంథాలయపు నల్లబల్లమీద వ్రాసి యుంచవలెనని కార్యవర్గమును కోరుచున్నాను.

ఇంటింటికి తిరిగి తూకమునకు వెండి కొనువారి సంగతియు కొంత చెప్పవలెను. నిండు వెండి రూపాయిలో 10.69 గ్రాముల మేలి వెండి యుండును. ఆ దినపు ధరతో హెచ్చవేయుటకు మూడవ తరగతి లెక్క చాలును; ఆ లెక్క తెలియక పెద్దమ్మలు పాత రూపాయిని నూరు రూపాయలకు ఇచ్చివేసినారు. అమ్మవలసిన అవసరము ఎవరికైన కలుగవచ్చును, తప్పులేదు. లెక్క వేసికొని అమ్ముడు.

పునాదులు త్రవ్వునపుడు, దుక్కి దున్నునపుడు దొరకునది మాత్రము చిల్లర కాదు. భూమిలో దాచబడి దొరకిన దాని విలువ పది రూపాయలు మించినచో కలెక్టరునకు వ్రాతమూలముగా తెలుపవలెనని 1878వ సంవత్సరపు నిధి చట్టము. మన స్మృతికారులును నిధిలో రాజభాగము నిర్ణయించియే యున్నారు. నూరేండ్లు దాటిన నాణెమును విదేశములకు పంపుటకు 1972వ సంవత్సరపు చట్టము అడ్డు.

నేను ఒక క్రొత్త పుస్తకమునకు గీతలు గీచి తెచ్చినాను. నాణెపు సంవత్సరము, ముఖము, తూకము, ఏ సందర్భమున ఆ యింటికి వచ్చినది, యను నాలుగు గడులు అందులో కలవు. యజమాని పేరు వ్రాయను. మొదటి వరుసలో ముత్తవ్వ అర్ధరూపాయిని ఆమె అనుమతితో ఎక్కించితిని. చిన్నత్రాసు, అయస్కాంతము వార్తాపత్రికల బల్లమీద నున్నవి. సభ ముగిసిన పిమ్మట దీపములార్పు వరకు నేనచ్చటనే యుందును. నాణెములు తెచ్చినవారు ఎవరివి వారే చేతబట్టుకొని, వరుసగా రండు.