మంచుకొండకు బయల్దేరే ముందు

(తణుకులో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మీరు పిలిచినప్పుడు ఆస్తిహక్కు మీదో, గృహహింస చట్టం మీదో మాట్లాడమంటారనుకున్నాను. మీ ఉత్తరం విప్పితే విషయం వేరే. మీలో పద్నాలుగు మంది వచ్చే జనవరిలో మనాలి వైపు వెళ్ళి, బూట్లకింద చాటల్లాంటి స్నోషూలు కట్టుకుని నాలుగు రోజులు మంచులో నడవాలనుకుంటున్నారట. క్షేమంగా వెళ్ళి రావడం ఎలాగో చెప్పమన్నారు. నాకు చాలా సంతోషం కలిగింది. హక్కుల సంఘానికి విహారయాత్రలేమిటని ఎవరైనా అడిగితే నరసాపురం లేసు పనివాళ్ళ మీద మరియా మీస్ 1982లో ప్రచురించిన పుస్తకం గుర్తు చెయ్యండి. విదేశాలకు ఎగుమతయ్యే సరుకు అల్లే ఆడవాళ్ళను "ఇంట్లో ఖాళీగా కూర్చుని ఏదో అల్లుకుంటారు" అనే లెక్కలోనే వేశారని ఆమె చూపించింది. మన పనినే తీరిక అంటున్నవాళ్ళు మనకు నిజంగా తీరిక కావాలంటే ఊరికే ఒప్పుకోరు.

మీ ఇళ్ళల్లో వచ్చిన జవాబులు కూడా రాశారు. "మంచుచరియలు మీదపడి చస్తారు" అన్నది అందరి నోటా వచ్చిన మాట. అదే ఇంట్లో అబ్బాయి మోటారుసైకిలు మీద లడఖ్ వెళ్తానంటే "జాగ్రత్తరా" అంటారు, మనల్ని మాత్రం "వద్దు" అంటారు. ఈ తేడా గురించి మనకు చాలా తెలుసు, చాలా రాశాం కూడా. అయితే ఆ కోపంలో "మాకేం కాదు" అని బయల్దేరితే మాత్రం పొరపాటు చేసినట్టే. చరియలు పడడం అబద్ధం కాదు.

1984 మే నెలలో బచేంద్రీ పాల్ ఎవరెస్టు దారిలో మూడో శిబిరంలో నిద్రపోతుండగా అర్ధరాత్రి మంచు మీదపడింది. తోటివాళ్ళు గుడారం కోసి, మంచు తవ్వి ఆమెను బయటికి లాగారు. వారం తిరిగేసరికి, మే 23న, ఆమె శిఖరం మీద ఉంది. 2014లో నిజామాబాద్ జిల్లా వ్యవసాయ కూలీల బిడ్డ మాలావత్ పూర్ణ పధ్నాలుగేళ్ళు నిండకుండానే టిబెట్ వైపునుంచి ఎవరెస్టు ఎక్కింది. అదే సంవత్సరం ఏప్రిల్ 18న నేపాల్ వైపు చరియ విరిగి పదహారు మంది కొండపనివాళ్ళు చనిపోయారు. సవితా కన్స్‌వాల్ 2022 మేలో పదహారు రోజుల తేడాలో ఎవరెస్టూ మకాలూ రెండూ ఎక్కిన మనిషి. ఆ అక్టోబరు 4న ఉత్తరాఖండ్‌లోని ద్రౌపదీ కా డాండా మీద చరియ విరిగిపడి, శిక్షణ ఇస్తూ, చనిపోయింది. ఎంత నేర్చినవాళ్ళనైనా మంచు వదిలిపెట్టదని తెలియాలనే ఈ పేర్లు చెబుతున్నాను. వాళ్ళది పర్వతారోహణ, మీరు వెళ్ళేది నడకకు. అయినా నడకదారి పక్కన కొండ ఉంటుంది.

కొండ సంగతికి ముందు మన గోదావరి సంగతి ఒకటి. 2019 సెప్టెంబరు 15న పాపికొండలు చూడ్డానికి వెళ్ళిన "రాయల్ వశిష్ఠ" లాంచీ కచ్చులూరు దగ్గర మునిగింది. ఎక్కినవాళ్ళు 77 మంది, బతికి బయటపడినవాళ్ళు 26 మంది. గోదావరి అప్పుడు వరదమీద ఉంది, అది కళ్ళకు కనిపిస్తూనే ఉంది. ఒడ్డున నిలబడి ఆ నీళ్ళు చూసినవాళ్ళలో ఎవరికీ మనసు జంకి ఉండదంటే నేను నమ్మను. కానీ టిక్కెట్టు కొనేశాం, ఊరినుంచి వచ్చేశాం, సరంగుకు తెలియదా, అందరూ ఎక్కుతున్నారు కదా, అనే నాలుగు మాటలు చాలు మన నోరు మనమే మూసుకోవడానికి.

మంచులోనూ ఈ నాలుగు మాటలే చంపుతాయి. ఇయాన్ మెకామన్ అనే అమెరికన్ పరిశోధకుడు 1972 నుంచి 2003 వరకు ఆ దేశంలో జరిగిన 715 మంచుచరియల ప్రమాదాలు పరిశీలించాడు. చాలా ప్రమాదాల్లో గుర్తులు ముందే ఉన్నాయి, చిక్కుకున్నవాళ్ళలో చరియల గురించి శిక్షణ పొందినవాళ్ళూ ఉన్నారు. తెలిసిన దారే కదా అని, అనుకున్నచోటికి చేరాల్సిందే అని, నాయకుడికి తెలుసులే అని, ముందు వెళ్ళినవాళ్ళ అడుగులున్నాయి కదా అని వెళ్ళారు. సోషియాలజీ చదివినదాన్ని గనక నాకు ఇది మంచు గురించిన పరిశోధనలా అనిపించలేదు, గుంపులో అధికారం ఎలా నడుస్తుందో చెప్పినట్టుంది.

నా సంగతే చెబుతాను. ఆరేళ్ళ కిందట తొమ్మిది మందిమి ఉత్తరాఖండ్‌లో ఒక లోయలో నడుస్తున్నాం. అంతకుముందు రెండు రోజులు మంచు కురిసింది. ఒకచోట కాలు వెయ్యగానే కిందనుంచి "వుఫ్" మని, బస్తా కూలబడినట్టు, చప్పుడొచ్చింది. అది చెడ్డ గుర్తని నేను చదివి ఉన్నాను. గైడు ఆగలేదు, నేనూ మాట్లాడలేదు. సభల్లో స్త్రీలు ఎందుకు నోరెత్తరన్న అంశం మీద ఏళ్ళతరబడి పనిచేసిన మనిషిని, అతను అనుభవజ్ఞుడు, నేను పుస్తకాలు చదివినదాన్ని అని ఊరుకున్నాను. నా వెనక వస్తున్న పాలకొల్లు అంగన్‌వాడీ టీచరు, మంచు చూడడం అదే మొదటిసారి, గట్టిగా అడిగింది: "అన్నా, ఆ చప్పుడేంటి? నాకు బాలేదు, నేను రాను." గైడు చిరాకుపడ్డాడు, మాలో ఇద్దరు నవ్వారు కూడా. కానీ ఆమె కదలలేదు. వెనక్కి వచ్చాం. ఆ మధ్యాహ్నం అక్కడ చరియ పడిందో లేదో నాకు తెలియదు, తెలియాల్సిన అవసరం లేదు కూడా. ఆమె మాట సరైనదని రుజువు కావడానికి చరియ పడనక్కరలేదు.

ఆ చప్పుడు ఎందుకొస్తుందో చెబుతాను. మంచు ఆత్రేయపురం పూతరేకులా పొరలు పొరలుగా ఉంటుంది. పొరల మధ్య ఒక్కోచోట పంచదారలాగా అతుక్కోని మంచు ఉంటుంది. పైపొర బరువుకు గానీ మన కాలి బరువుకు గానీ ఆ పంచదార పొర కూలితే చప్పుడొస్తుంది, వాలు మీదైతే పైనున్న పలక మొత్తం జారుతుంది. ప్రమాదాల్లో పదింట తొమ్మిది చరియలను కదిలించేది చిక్కుకున్నవాళ్ళో, వాళ్ళ తోటివాళ్ళో. ఎక్కువగా విరిగేది 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద. మన డెల్టాలో కొండలు లేవు గనక ఈ వాలు ఎలా ఉంటుందో మీకు తెలియదనుకోకండి. మెట్టు ఎత్తు ఏడంగుళాలు, వెడల్పు పదంగుళాలు అయితే ఆ మేడమెట్ల వాలు 35 డిగ్రీలు. మన మేడమెట్లంత ఏటవాలుగా ఉన్న మంచు మీదికి పోకూడదు. దాని కింద చదునుగా ఉన్నచోట కూడా నడవకూడదు, కూర్చుని టీ తాగకూడదు. స్నోషూలు కట్టుకున్నవాళ్ళు తాము చదునులోనే ఉన్నాం కదా అనుకుంటారు, పైనున్న వాలు చూడరు.

చండీగఢ్‌లోని డి.జి.ఆర్.ఇ. అనే రక్షణ పరిశోధన సంస్థ హిమాలయ జిల్లాలకు చరియల హెచ్చరికలు ఇస్తుంది. ప్రమాదాన్ని ఐదు స్థాయిల్లో చెబుతారు. మనకు ధవళేశ్వరం దగ్గర మూడు హెచ్చరికలు అలవాటు, 11.75 అడుగులకు మొదటిది, 13.75కి రెండవది, 17.75కి మూడవది. మూడవది అంటే సామాన్లు సర్దుకుంటాం. మంచులో మూడు అంటే ఐదింట్లో మధ్యది గనక "పర్వాలేదులే" అనిపిస్తుంది. యూరప్‌లో దాదాపు సగం చావులు ఆ మూడో స్థాయి రోజుల్లోనే జరిగాయి. మీరు మూడుంటే కొండల వైపు పోకండి, బసలో ఉండి కబుర్లు చెప్పుకోండి. కొత్తగా మంచు కురిసిన తర్వాత కూడా ఒకటి రెండు రోజులు ఆగండి. అందుకే టిక్కెట్లు నాలుగు రోజులకు కాకుండా ఏడు రోజులకు చేయించండి. ఎదురుచూడ్డానికి రోజులు లేని యాత్రలో ఎవరూ "ఆగుదాం" అనలేరు.

ప్రభుత్వం గీసిన హద్దు దాటించేవాళ్ళు ఉంటారు. 2023 ఏప్రిల్ 4న సిక్కింలో నాథులా దారిలో పదమూడో మైలు వరకే అనుమతి ఉంటే పర్యాటకులు పదిహేనో మైలు దగ్గరున్నారు. చరియపడి ఏడుగురు పోయారు. గైడుతో బేరం కుదుర్చుకునేటప్పుడే, మధ్యలో వెనక్కి వచ్చినా కూలి మొత్తం ఇస్తామని కాగితం మీద రాయండి. గమ్యం చేరితేనే డబ్బు అంటే, అతని పిల్లల అన్నం మన భద్రతకు ఎదురు పెట్టినట్టే. సామాన్లు మోసేవాళ్ళకు బూట్లూ బీమా ఉన్నాయా అని అడగడం కూడా మన పనే. కొండల్లో దారులు వేసేవాళ్ళూ కూలీలే. 2025 ఫిబ్రవరి 28న మాణా దగ్గర చరియ పడి చనిపోయిన ఎనిమిది మందీ రోడ్డు పనివాళ్ళే.

ట్రాన్స్‌సీవరు, మడిచే గడ, పార మనిషికొకటి అద్దెకు తీసుకోండి. మంచులో కూరుకున్నవాళ్ళను పది నిమిషాల్లోపు తీస్తే పదిమందిలో తొమ్మిదిమంది బతుకుతారు. అరగంటయితే ముగ్గురే. బయటినుంచి ఎవరూ అంత తొందరగా రాలేరు, తవ్వాల్సింది పక్కవాళ్ళే. ఒక రోజంతా బసదగ్గర సంచీ పాతిపెట్టి వెతకడం, తవ్వడం అభ్యాసం చెయ్యండి.

ఎవరూ రాయని సంగతి ఒకటుంది. బయట మరుగు దొరకదని మనం నీళ్ళు తాగం. ఎండాకాలం గ్రామాలు తిరిగే మీకు ఇది బాగా తెలుసు. చలిలో, ఎత్తులో నీళ్ళు తాగకపోతే తలనొప్పీ నీరసమూ వస్తాయి, అది ఎత్తువల్ల వచ్చిన జబ్బో కాదో పోల్చుకోలేం. మరుగుకోసం చిన్న గుడారం అడగండి, సిగ్గుపడకండి. బహిష్టు రోజుల గురించి కూడా ముందే మాట్లాడుకోండి. ఒంటికి తగిలే బట్ట నూలుది వద్దు, తడిస్తే ఆరదు. రక్తపోటు ఉన్నవాళ్ళు డాక్టరును కలవండి.

నియమం మాత్రం ఒకటి ఇప్పుడే రాసుకోండి. పద్నాలుగు మందిలో ఎవరైనా "వద్దు" అంటే అందరూ వెనక్కి తిరగాలి. కారణం అడగకూడదు, నవ్వకూడదు, వచ్చాక ఎత్తిపొడవకూడదు. మీ అధ్యక్షురాలి మాట కూడా దీనికి లోబడే ఉండాలి. ఆమె నవ్వుతోంది గానీ నేను నిజంగానే అంటున్నాను. ఇక్కడ ఎవరికైనా అధ్యక్షురాలితో "కాదక్కా" అనడం ఇబ్బందిగా ఉంటే, అక్కడ పన్నెండు వేల అడుగుల మీద అది ఇంకా కష్టం. అందుకని ఈ రెండు నెలలూ మీ నెలవారీ సమావేశాల్లోనే అలవాటు చేసుకోండి.

ఇప్పుడు టీ తాగి, ఈ హాలు మెట్లు కొలుద్దాం. టేపు ఎవరి దగ్గరుంది?