ఇనుము – మడయడవి – సముద్రము
(రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాసము)



సముద్రపుటొడ్డున ఆడుకొను బాలురకు ఒక వినోదము కలదు. అయస్కాంతమును దారమునకు కట్టి పొడి యిసుకలో ఈడ్చినచో, దానికి నల్లని రేణువులు మీసములవలె అంటుకొని వచ్చును. విశాఖపట్టణ, భీమునిపట్టణ తీరములందలి నల్లయిసుకలో ఇట్టి రేణువులు కలవు. అంటుకొని వచ్చువానిలో ముఖ్యమైనది మాగ్నటైటు. ఇనుమును ఆమ్లజనియు కలిసి యేర్పడిన ఖనిజమిది. పూర్వులు సూదంటురాయి యని పిలిచినది దీనినే.

ఈ ఇనుమే మడయడవి బురదలో వేరొక వేషమునను, సముద్రజలమున మరియొక వేషమునను ఉన్నది. ఈ మూడు వేషములను గుర్తించినవారికి తీరగ్రామములకు మిక్కిలి అవసరమైన యొక సంగతి బోధపడును. మడయడవిని నరకి చెరువు త్రవ్వుటకు పూర్వము ఆ నేలలో ఏమి దాగియున్నదో తెలిసికొనవలెననునదే ఆ సంగతి.

గోదావరి సముద్రమును చేరు ప్రాంతమున, కాకినాడకు చేరువను, కోరంగి మడయడవులు వ్యాపించియున్నవి. 1978లో అచ్చట సుమారు 235 చదరపు కిలోమీటర్ల ప్రదేశము అభయారణ్యముగా ప్రకటింపబడెను. మడ, తిల్ల, ఉప్పుపొన్న మొదలగు చెట్లు అందు పెరుగుచున్నవి. సముద్రపునీటిలో కిలోగ్రామునకు సుమారు 35 గ్రాముల లవణములుండును. అట్టి నీటిలో వరిపైరు నిలువజాలదు. ఉప్పుపొన్న తన వేళ్లయందే ఉప్పును చాలవరకు వడగట్టును. మడచెట్టు ఆకుల మీదుగా ఉప్పును చెమర్చి వెలికిబుచ్చును. బురదలో గాలి చొరదు గనుక మడచెట్టు చుట్టును సన్నని వేళ్లు పెన్సిళ్లవలె పైకి పొడుచుకొనివచ్చి, గాలిని లోనికి గొనిపోవును.

ఈ యడవి చేయు మేలును లెక్కగట్టినవారును కలరు. 1999లో ఒడిశాను పెనుతుపాను ముంచెత్తెను. కేంద్రపడా జిల్లా గ్రామములందలి మరణములను సౌదామినీ దాస్, జెఫ్రీ విన్సెంట్ అను పరిశోధకులు పరిశీలించి, తమ ఫలితములను 2009లో ప్రకటించిరి. సముద్రమునకును గ్రామమునకును నడుమ మడయడవి వెడల్పుగా నున్నచోట్ల మరణములు తక్కువగా నుండెనని తేలినది. ముందుగా చేసిన హెచ్చరిక అంతకంటె ఎక్కువ ప్రాణములను కాపాడెనని కూడ వారే తెలిపిరి. అడవి హెచ్చరికకు తోడుగా నిలుచును గాని, దాని స్థానమును ఆక్రమింపదు.

ఇక బురద సంగతి. రాలిన ఆకులు, చచ్చిన వేళ్లు బురదలో పూడిపోవును. అచ్చట ఆమ్లజని లేనందున, కొన్ని సూక్ష్మజీవులు సముద్రపునీటిలోని సల్ఫేటును వాడుకొని ఆ ఆకును కుళ్లబెట్టును. అప్పుడు హైడ్రోజను సల్ఫైడను వాయువు పుట్టును. మడబురదను కదలించినప్పుడు వచ్చు కుళ్లిన గ్రుడ్డు వాసన దీనిదే. నది తెచ్చిన మన్నులోని ఇనుముతో ఈ గంధకము కలిసి, తుదకు పైరైటను ఖనిజముగా మారును. గోదావరి దక్కను పీఠభూమి నల్లరాతి నేలలనుండి మాగ్నటైటు రేణువులను గూడ మోసికొనివచ్చును. గంధకము నిండిన బురదలో చిక్కిన అట్టి రేణువులు కాలక్రమమున కరగి, తమ అయస్కాంతశక్తిని కోల్పోవును. శాస్త్రజ్ఞులు గొట్టములతో బురదను పొరలు చెదరకుండ పైకి తీసి, ఏ పొరలో అయస్కాంతగుణమెంత కలదో కొలుతురు. దానినిబట్టి ఏ కాలమున నది ఎట్టి మన్ను తెచ్చినది, బురదలో ఎట్టి రసాయనక్రియ జరిగినది ఊహించుటకు వీలగును.

అయస్కాంతమును తమ దేహముననే నిర్మించుకొను జీవులును అట్టి బురదలో కలవు. 1975లో రిచర్డు బ్లేక్‌మోర్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు మాసచూసెట్సు తీరపు ఉప్పుటూబి బురదలోని కొన్ని సూక్ష్మజీవులు భూమి అయస్కాంతక్షేత్రము ననుసరించి యీదుచున్నవని ప్రకటించెను. వాని దేహములలో ఇనుపరేణువులు గొలుసువలె అమరియున్నవి. ఆ గొలుసులలోనిది మాగ్నటైటని తరువాత తేలినది. పైకి జడమువలె కనిపించు బురదలో ఇంతటి వ్యాపారము జరుగుచున్నది.

పైరైటు నీటిలో మునిగి, గాలి సోకక యున్నంతకాలము ఎవ్వరికిని హాని చేయదు. అడవిని నరకి, బురదను త్రవ్వి గట్లుగా పోసి యెండనిచ్చినచో, గాలియు నీరును సోకి పైరైటు గంధకికామ్లముగా మారును. గట్టుమీద లేతపసుపు మచ్చలు తేలుట దానికొక గురుతు. తొలకరి వానకు ఆ యామ్లము కరగి చెరువులో దిగును. మన్నులోని అల్యూమినియమును గూడ కరగించి తెచ్చును. అట్టి నీటిలో చేపయు రొయ్యయు బ్రదుకుట దుర్లభము. సున్నము చల్లినచో ఆమ్లము విరుగును గాని, పైరైటు మిక్కుటముగా నున్న నేలలో ఆ వ్యయమునకు అంతు కనబడదు. కేరళములోని కుట్టనాడున కరినేలలని పేరుగన్న నల్లనేలల బాధ ఈ జాతిదే. ఇట్టి నేలలను గూర్చి 1972లో నెదర్లాండ్సులోని వాహెనింగెన్ నగరమున ప్రత్యేకముగా అంతర్జాతీయ సభ జరిగెను.

ఆంధ్రతీరమున 1990 తరువాతి సంవత్సరములలో రొయ్యల చెరువులు వేగముగా వ్యాపించెను. 1996 డిసెంబరులో భారత సర్వోన్నత న్యాయస్థానము తీరమండలమున అట్టి చెరువులపై కఠినమైన నిర్బంధములు విధించుచు తీర్పు చెప్పెను. చెరువులు అనేక కుటుంబములకు అన్నము పెట్టినవనుట సత్యము. చెరువే తగదని శాస్త్రము చెప్పదు. ఏ నేలలో త్రవ్వవలెనో, ఏ నేలను కదపరాదో మాత్రమే చెప్పును.

సముద్రజలమందలి ఇనుము కథ దీనికి విపరీతము. నడిసముద్రపు నీటిలో ఇనుము నూరుకోట్ల పాళ్లలో ఒక పాలైనను ఉండదు. అయినను సముద్రమున తేలియాడు సూక్ష్మమైన మొక్కలకు అది లేనిదే జీవనము సాగదు. ఉత్తర పసిఫికులో ఒక భాగమున ఇనుపలేమి చేతనే ఆ మొక్కలు పెరుగకున్నవని 1988లో జాన్ మార్టిన్ మొదలగువారు చూపిరి. ఇనుము చల్లి మొక్కలను పెంచినచో అవి గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి సముద్రగర్భమునకు చేర్చునేమోనను ఆశ దానినుండి పుట్టెను. 2009లో గోవాలోని జాతీయ సముద్రశాస్త్ర సంస్థయు, జర్మనీ శాస్త్రజ్ఞులును కలిసి దక్షిణ మహాసముద్రమున సుమారు 300 చదరపు కిలోమీటర్ల మేర ఇనుము చల్లి పరీక్షించిరి. మొక్కలు పెరిగినవి గాని, చిన్నజలచరములు వానిని మేసివేసెను. అడుగునకు చేరిన బొగ్గుపదార్థము స్వల్పమని తేలినది.

అంత యాయాసపడి సముద్రమున సాధింప జూచిన కార్యమును మడయడవి తన చోటనే చేయుచున్నది. 2011లో ప్రకటితమైన యొక పరిశోధనలో, హిందూ–పసిఫిక్ ప్రాంతపు 25 మడయడవులను కొలువగా, హెక్టారునకు సగటున సుమారు 1,000 టన్నుల బొగ్గుపదార్థము కలదని తేలినది. అందులో అధికభాగము చెట్లలో గాక బురదలోనే యున్నది. అడవిని నరకి బురదను పైకి తీసినచో ఆ నిధి కొంత వాయువై లేచిపోవును. అట్లు గాలిలో హెచ్చిన బొగ్గుపులుసు వాయువులో ఒక భాగము సముద్రమున కరగి దాని క్షారగుణమును తగ్గించును. దానివలన గుల్లజీవులు గుల్ల కట్టుకొనుట కష్టమగును.

కావున త్రవ్వబోవు గ్రామస్థులు ముందుగా చేయదగిన చిన్నపరీక్ష యొకటి కలదు. వేరువేరు లోతులనుండి బురదను పిడికెడు పిడికెడు తీసి, పలుచగా పరచి, గాలి సోకనిచ్చుచు, పూర్తిగా ఎండిపోకుండ అప్పుడప్పుడు నీరు చిలుకరించుచు రెండు నెలలు కనిపెట్టవలెను. మొదటి దినమునను తుదిదినమునను ఉన్నత పాఠశాలలో దొరకు ఆమ్లపరీక్షా కాగితముతో చూడవలెను. మొదట ఆమ్లగుణము చూపని బురద తుదకు తీవ్రమైన ఆమ్లగుణము చూపినచో, ఆ నేలను కదపక వ్యవసాయశాఖ ప్రయోగశాలకు మన్ను పంపి విచారించుట క్షేమము.

ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయపు బల్లమీద పత్రికలు పరచబడుచున్నవి. వాని ప్రక్కన ఒక అయస్కాంతమును, ఆమ్లపరీక్షా కాగితముల కట్టయు, ఊరి నలుదిక్కుల మన్ను నింపిన సీసాలును చేరినచో, చదివినదానిని పరీక్షించి చూచు అలవాటు బాలురకు అబ్బును. చెరువు త్రవ్వవలెనా, వలదా యని పంచాయతీ సభలో పెద్దలు తర్కించునాడు, పరీక్షించిన సీసాను తెచ్చి వారి యెదుట పెట్టగల బాలుడొక్కడు ఈ గ్రంథాలయమునుండి బయలుదేరిన చాలును.