అమ్మ మళ్లీ పుస్తకం పడితే

పెళ్లితో బడి మానేసి, ఇప్పుడు ఒంటరిగా పిల్లల్ని సాకుతున్న తల్లులు మన ఊళ్లలో ఎందరో. అలాంటి స్త్రీల కోసమే రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయి 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ స్థాపించి, బెనారస్ మెట్రిక్యులేషన్ పరీక్షకు చదివించారు. ఎంత ముందుచూపు!

ఇవాళ ఓపెన్ స్కూల్లో పదో తరగతికి 14 ఏళ్లు నిండితే చాలు, పై వయసుకు హద్దు లేదు. అన్ని సబ్జెక్టులూ ఒకేసారి గట్టెక్కనక్కర్లేదు, పాసైనవి అలాగే ఉంటాయి. కూలికి వెళ్లే తల్లికి ఇది పెద్ద ఊరట. అయితే క్లాసు రోజున చంటిబిడ్డను ఎవరు చూస్తారు? అక్కడే చాలామంది ఆగిపోతున్నారు. పొదుపు సంఘం అక్కచెల్లెళ్లు వంతులవారీగా ఆ బిడ్డను చూసుకోగలరు, ఫీజుకు అప్పూ ఇవ్వగలరు. మీ సంఘంలో అలాంటి తల్లి ఉంటే, వచ్చే సమావేశంలో ఆమె చదువు మాట ఎత్తండి.