లయమునకు గల మూల్యము



సృష్టిని గూర్చి వినుటకు లోకమునకు గల కుతూహలము లయమును గూర్చి వినుటకు లేదు. శాస్త్రజ్ఞులును చిరకాల మిట్లే యుండిరి. శరీరమందలి మాంసకృత్తు లెట్లు నిర్మితమగునో శోధించినవారు అనేకులు. అవి యెట్లు నశించునో యడిగినవారు స్వల్పులు.

ఉదరములోని జీర్ణరసమును గాజుపాత్రలో నుంచినను మాంసమును కరగించును. దానికి వేరుగ శక్తి నీయనక్కరలేదు. కాని 1953లో సింప్సన్ అను శాస్త్రజ్ఞుడు కాలేయపు తునకలను పరీక్షింపగా వింత బయల్పడెను. కణము తన మాంసకృత్తులను తానే విరుచుకొనుటకు శక్తి వ్యయమగుచున్నది! ఇల్లు కట్టుటకు కూలి యియ్యవలెను; కూలుటకును కూలి యేల?

కణములో ఇట్టి వ్యయమునకు నాణెము ఏ.టి.పి. అను పదార్థము. 1895లో భీమవరమున జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డులో ఫిస్కేతో గూడి 1929లో దీనిని కనుగొనిరి. జర్మనీలో లోహ్‌మన్ అదే యేట విడిగ కనుగొనెను. సుబ్బారావుగారు 1948లోనే కీర్తిశేషులైరి. తమ నాణెము లయకార్యమునకును చెల్లుటను చూచు భాగ్యము వారికి లేకపోయెను.

చిక్కు విప్పినవారు ఇస్రాయేలులోని హైఫా నగరమునకు చెందిన హెర్ష్‌కో, చెహనోవర్, అమెరికావాడగు రోజ్. 2004లో ఈ మువ్వురికిని రసాయనశాస్త్రమున నోబెల్ బహుమతి లభించెను. నశింపవలసిన మాంసకృత్తునకు 76 అమైనో ఆమ్లములు గల యుబిక్విటిన్ అను చిన్న చీటీ అంటింపబడునని వారు తేల్చిరి. జమ్మికుంట మార్కెట్టులో చీటీ పడని పత్తి కాంటా కెక్కదు గదా! ఇచటను అంతియే, పైగా ఒక చీటీ చాలదు, సామాన్యముగ నాలుగింటి గొలుసు కావలెను. చీటీ వేయు ఎంజైములు మూడు తరగతులవి. ఎవనికి కాలము తీరినదో గుర్తించునది మూడవ తరగతి. మానవునిలో ఇట్టివి 600కు పైబడి యున్నవి.

విరుచు యంత్రము పేరు ప్రోటియాసోము. ఏడేసి భాగముల ఉంగరములు నాలుగు పేర్చిన పీపావంటిది. కత్తులన్నియు లోపలనే. ద్వారము మిక్కిలి ఇరుకు. మడతపడిన మాంసకృత్తు దూరజాలదు. మూత వంటి భాగము చీటీని గుర్తుపట్టి, దానిని ఊడదీసి మరల వాడుకకు పంపి, మడతలు విప్పి దారమువలె లోనికి త్రోయును. ఏ.టి.పి. ఖర్చగునది ఈ త్రోయుటకును, మొదట చీటీని సిద్ధపరచుటకును. అనగా కూలి చెల్లునది విరుచుటకు గాదు, ఎంచి లోనికి పంపుటకు. పద్దులు వ్రాయువారికి ఈ భేదము సులభముగ బోధపడును.

ఎంపిక తప్పిన ప్రాణాపాయమే. గర్భాశయ ముఖద్వారపు క్యాన్సరునకు కారణమగు పాపిలోమా వైరసు, కణమునకు కాపరియైన పి-53 అను మాంసకృత్తుపై దొంగచీటీ వేయించును. కాపరి తన యింటి యంత్రముననే నలిగిపోవును!

ఎముకమూలుగలో పుట్టు మైలోమా క్యాన్సరు కథ వేరు. ఆ కణములు మితిమీరి మాంసకృత్తులను చేయును గనుక ఈ యంత్రము లేనిదే బ్రతుకజాలవు. యంత్రమును స్తంభింపజేయు బోర్టిజోమిబ్ అను మందు 2003లో అమెరికాలో అనుమతి పొందెను. ఇప్పుడు దానిని హైదరాబాదు కంపెనీలును తయారుచేయుచున్నవి.