కట్ట మీదికి ఆయన్ని తీసుకెళ్లండి



కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి చెరువు శాసనం ఉంది. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించిన చెరువది. రోజూ వెయ్యి మంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ల పని. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు కూడా ఆ రాతి మీద చెక్కించారు. కట్టలోంచి నీరు ఊరడం, చవుడు నేల, మధ్యలో మెరక, నేల విస్తారంగా ఉండి నీరు చాలకపోవడం... చివరికి రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండటం కూడా దోషమేనన్నారు. తమ తర్వాత ఇంకెవరో చెరువు కడతారని, వాళ్లకు ఇది తెలియాలని తపించినవాళ్లే అలా రాయించగలరు. నాకు ఆ తపన అంటే ఎంతో గౌరవం.

అయితే పెద్దలకు తెలిసినదంతా రాతికెక్కలేదు. చాలా భాగం చెరువు నీళ్లు చూసుకునే నీరుగంటి దగ్గరే ఉండిపోయింది. తెలంగాణలో ఆయన్నే నీరటి అంటారు. తూము ఎప్పుడు ఎంత ఎత్తాలి, మరవ పారే రాత్రి కట్టలో ఏ చోటు చూసుకోవాలి, పై చెరువు నిండితే కింది చెరువుకు నీళ్లు ఎంతసేపట్లో చేరతాయి, వానలు తక్కువైన ఏడు చివరి మడికి వంతు ఎలా దక్కించాలి, ఇవన్నీ ఆయనకు తెలుసు. చాలా ఊళ్లలో ఇప్పుడు ఆ పనే లేదు. మిగిలినవాళ్లు బాగా ముసలివాళ్లు. ఇవాళ పట్టాలు అందుకుంటున్న ఇంజనీర్లారా, అడిగి రాసుకోవడానికి మీకు ఎక్కువ కాలం లేదు. మొదటి చెరువు సర్వేకి వెళ్లినప్పుడు, డ్రోన్ ఎగరేసే ముందు ఆయన్ని కట్ట మీదికి తీసుకెళ్లండి. ఆయన చెప్పింది తర్వాత కొలిచి సరిచూసుకోండి. ఆయనేమీ చిన్నబుచ్చుకోడు.

ఇక మీ తల్లిదండ్రులతో ఒక మాట. బోరుబావుల విషయంలో మన తరం అనుభవం చాలలేదు. చెరువులో నీళ్లు కంటికి కనిపిస్తాయి, ఆరువందల అడుగుల లోతున ఉన్నవి కనిపించవు. అరచేతిలో కొబ్బరికాయ నిలబడిన చోటల్లా తవ్వించి, ఒకటి ఎండితే ఇంకొకటి వేయించి అప్పులపాలైన కుటుంబాలు రాయలసీమలో ఎన్నో. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏడు కరువు జిల్లాల రైతులు వేరే దారి పట్టారు. తమ బోర్లలో నీటిమట్టాన్ని తామే కొలిచి, ఊరి నీటి లెక్క వేసి, దాన్నిబట్టి రబీ పంట నిర్ణయించుకున్నారు. లెక్క చూశాక చాలామంది వరి తగ్గించి ఆరుతడి పంటలకు మళ్లారు.

అలాంటి లెక్క వేయగల చదువు ఈ పిల్లలకు ఉంది. మీ అమ్మాయి ఇంటికొచ్చి, ‘నాన్నా, ఈసారి బోరు వద్దు’ అంటే ఎందుకని అడగండి. ఆమె కాగితం మీద లెక్క వేసి చూపించేదాకా రిగ్గు బండికి అడ్వాన్సు ఇవ్వకండి.