కంప్యూటరు ఇంజనీరింగు విద్య – కళాశాల ఎంపిక
(ప్లాటినం జూబిలీ సభలో ఒక పూర్వవిద్యార్థి చేసిన ప్రసంగ పాఠము)



డెబ్బదియైదేండ్లుగా తమిళనేలపై తెలుగు దీపము నిలిపిన ఈ పాఠశాలలో నేడు ఏ తల్లిదండ్రులను పలకరించినా, బిడ్డను కంప్యూటరు ఇంజనీరింగులో చేర్చాలన్న మాటే వినవస్తున్నది. కోరిక మంచిదే. అయితే భవనాల హంగు, ప్రకటనల ఆర్భాటము కళాశాలకు గీటురాళ్లు కావు.

మొదటిది గుర్తింపు. విశ్వవిద్యాలయ అనుబంధ ఇంజనీరింగు కళాశాలకు ఏఐసీటీఈ అనుమతి తప్పనిసరి. న్యాక్ సంస్థ కళాశాల మొత్తాన్ని తూచుతుంది. ఎన్‌బీఏ ఒక్కొక్క కోర్సును విడివిడిగా పరిశీలిస్తుంది. కనుక కళాశాలకు న్యాక్ గుర్తింపు ఉన్నంత మాత్రాన కంప్యూటరు కోర్సుకు ఎన్‌బీఏ గుర్తింపు ఉన్నట్లు కాదు. ఉన్నా, దాని గడువు తీరలేదు కదా అని విచారించండి. 2014లో భారతదేశము వాషింగ్టన్ ఒప్పందంలో శాశ్వత సభ్యత్వము పొందినది. ఎన్‌బీఏ మొదటి శ్రేణి గుర్తింపు గల కోర్సులకే ఆ ఒప్పందము వర్తిస్తుంది. విదేశాలలో చదువు, ఉద్యోగము తలపెట్టేవారు ఇది గమనించాలి.

రెండవది బోధన. ఇరవైమంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు ఉండాలన్నది ఏఐసీటీఈ ప్రమాణము. శాఖలో ఎందరున్నారు, ఏండ్ల తరబడి నిలిచినవారెందరు అని అడగండి. ప్రయోగశాలలో విద్యార్థి స్వయంగా ప్రోగ్రాము రాస్తాడా, రికార్డు పుస్తకము నింపి వస్తాడా అన్న సంగతి అక్కడి మూడవ సంవత్సరపు విద్యార్థి చెప్పగలడు. ఉద్యోగాల లెక్క చెప్పినప్పుడు ఎందరిలో ఎందరికి వచ్చాయో అడగండి. ఒక్కరికి వచ్చిన పెద్ద జీతము అందరి జీతము కాదు.

మూడవది వ్యయము. తమిళనాడులో 2007 నుండి ఇంజనీరింగు ప్రవేశపరీక్ష లేదు. పన్నెండవ తరగతి గణిత, భౌతిక, రసాయన శాస్త్రాల మార్కులే కౌన్సెలింగుకు ఆధారము. ఆ మార్గాన చేరితే, కుటుంబంలో తొలి పట్టభద్రునికి ట్యూషను ఫీజు రాయితీ ఉన్నది. యాజమాన్య కోటాలో అది లభించదు. పొలము తాకట్టు పెట్టి సీటు కొనే ముందు ఈ తేడా లెక్కవేసుకోండి.

కడపటిది, తెలుగు మాధ్యమమన్న జంకు. 2021లో ఏఐసీటీఈ తెలుగుతో సహా కొన్ని భారతీయ భాషలలో ఇంజనీరింగు బోధనకు వీలు కల్పించినది. అయినా మన పిల్లలలో ఎక్కువమంది ఆంగ్లంలోనే పాఠము వినవలసి ఉంటుంది. ప్రోగ్రామునకు ప్రాణము తర్కము. అది మన గణితపు తరగతిలోనే అలవడుతుంది. వేసవి సెలవులలో గణిత, భౌతిక శాస్త్రాల ఆంగ్ల పదజాలాన్ని పరిచయము చేసుకుంటే తొలి మాసాల తడబాటు తగ్గుతుంది.

బిడ్డ అభిరుచిని ముందు అడిగి, ఆ తరువాత కళాశాలను అడగండి. సెలవు.